నడుం కొలవకుండా గుండె ప్యాకేజీలేంటండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతానండి, చదివాక మా ల్యాబులో పేషెంట్లు కూర్చునే బెంచీ మీద ఆ పేజీయే పైకి కనపడేలా మడిచి పెడతా. ఈ మధ్య లావుగా ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ఎంత ముదిరిందో రక్తం చూసి చెప్పేయొచ్చు అనే మాట పేపర్లలో, టీవీలో, వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. అది చదివో విన్నో "ఆ కొత్త టెస్టు ఏదో ఉందంటగా, అది చెయ్యండి" అని వచ్చేవాళ్ళు ఎక్కువైపోయారు, అందుకే ఇది రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్నే ఫాస్టింగ్ శాంపిళ్ళు తీయడం, మెషీన్లో పెట్టడం, వచ్చిన నంబర్లు సరిచూసుకుని డాక్టరు గారి సంతకానికి పంపడం, ఇదే నా పని.

గుండెజబ్బు రిస్కు చెప్పే గుర్తులు (బయోమార్కర్లు) రక్తంలో ఉన్నమాట నిజమేనండి, దాన్ని నేను కాదనట్లేదు. కానీ అవి చెప్పేది ఒకటి, మనవాళ్ళు అర్థం చేసుకుని ఇంటికెళ్ళేది ఇంకోటి. నా బాధంతా అక్కడే.

ముందు కంటికి కనపడేది ఒకటి చెప్తా. రక్తం తీశాక ట్యూబు కాసేపు పక్కన పెడితే గడ్డకడుతుంది, తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో వేసి తిప్పితే ఎర్రగా ఉన్నదంతా అడుక్కి పోయి పైన సీరం తేరుతుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో, ట్యూబు వెనక వేలు పెడితే వేలు కనపడేంత తేటగా ఉంటుంది. కొంతమందిది పల్చటి మజ్జిగలా తెల్లగా వస్తుంది, వెనకాల ఏముందో కనపడదు. అదంతా ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరుగుతున్న కొవ్వు. 150 లోపు ఉండాల్సింది అలాంటి శాంపిల్లో 600, 800, ఒక్కోసారి వెయ్యి దాటి కూడా వస్తుంది. 400 దాటిందంటే ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) లెక్కకట్టే మామూలు ఫార్ములా కూడా నమ్మడానికి లేదు, డైరెక్ట్ ఎల్‌డీఎల్ అని విడిగా చేయాల్సిందే. (వెయ్యి దాటినవాళ్ళకి గుండె సంగతి అలా ఉంచి పాంక్రియాస్ వాచిపోయే ప్రమాదం ఉంటుంది, వాళ్ళు ఆ రోజే డాక్టర్ని కలవాలి.)

ఇంతకీ ఆ ట్యూబు ఎవరిదా అని బయటికి తొంగి చూస్తే భారీ మనిషి ఉంటాడనుకుంటాం కదా, చాలాసార్లు ఉండడు. చేతులు సన్నగా, కాళ్ళు సన్నగా, మొహం కూడా పీక్కుపోయినట్టు ఉండి చొక్కా గుండీల దగ్గర మాత్రం పొట్ట ముందుకొచ్చి ఉంటుంది. ఆయన్ని "మీరు లావండీ" అంటే ఇంట్లోవాళ్ళు కూడా ఒప్పుకోరు. బరువు చూస్తే 66 కిలోలే ఉంటాడు.

ఇది మన దేశం వాళ్ళకి ఎక్కువగా ఉన్న సమస్య. పుణె కేఈఎం హాస్పిటల్లో పనిచేసిన చిత్తరంజన్ యాజ్ఞిక్ గారని డయాబెటిస్ డాక్టరు, లండన్‌లో జాన్ యుడ్కిన్ అని ఆయన స్నేహితుడు, ఇద్దరూ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటో వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు చూస్తే ఆ తెల్లాయనకి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం, అంటే అదే బీఎంఐ, కొవ్వు మాత్రం డబుల్ కంటే ఎక్కువ. అందుకే మనవాళ్ళకి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు కింద, 25 దాటితే ఊబకాయం కింద లెక్కేయాలని మన డాక్టర్లు కటాఫ్ తగ్గించి పెట్టారు. నడుం చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. అంగుళాల్లో చెప్పాలంటే మగవాళ్ళకి ముప్ఫై అయిదున్నర, ఆడవాళ్ళకి ముప్ఫై ఒకటిన్నర. ఆ నంబర్లు తెలిసిన మనిషి మా బెంచీ మీద కూర్చున్న వాళ్ళలో నాకు ఇంతవరకు తగల్లేదు, హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్ అని మాత్రం అందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు విషయం, పొట్టలో కొవ్వుకీ రక్తంలో గుర్తులకీ ఏంటి సంబంధం. మేము చదువుకునే రోజుల్లో కొవ్వంటే శరీరం దాచిపెట్టుకున్న సరుకు అని చెప్పి వదిలేసేవాళ్ళు. అది పాత మాట. 1994లో అమెరికాలో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ గారి టీమ్ లెప్టిన్ అనే హార్మోన్ కనిపెట్టింది, అది తయారయ్యేది కొవ్వు కణాల్లోనే. అంటే కొవ్వు కూడా థైరాయిడ్ లాగా రక్తంలోకి హార్మోన్లు వదిలే ఒక గ్రంథి అన్నమాట. కడుపు నిండింది ఇక చాలు అని మెదడుకి చెప్పడం లెప్టిన్ పని, కానీ లావు పెరిగేకొద్దీ రక్తంలో లెప్టిన్ పెరుగుతూ పోతుంది, మెదడు మాత్రం దాని మాట వినడం మానేస్తుంది. ఇంకోటి అడిపోనెక్టిన్, ఇది రక్తనాళాలకి మేలు చేసేది, చిత్రమేంటంటే తయారయ్యేది కొవ్వులోనే అయినా కొవ్వు పెరిగితే ఇది తగ్గిపోతుంది. పేగుల చుట్టూ, లివర్ చుట్టూ పేరుకునే కొవ్వు చర్మం కింద కొవ్వు కంటే చెడ్డది, ఎందుకంటే అది వదిలే కొవ్వు ఆమ్లాలు, ఐఎల్-6 లాంటి, ఒంటి లోపల వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే రసాయనాలు పోర్టల్ సిరలోంచి నేరుగా లివర్‌కి పోతాయి. లివరు వాటికి జవాబుగా రెండు పనులు చేస్తుంది, ట్రైగ్లిజరైడ్స్ తయారుచేసి రక్తంలోకి తోస్తుంది, ఆ వాపుకి గుర్తుగా పెరిగే సీఆర్పీ అనే ప్రొటీన్ తయారుచేసి వదుల్తుంది. నేను పైన చెప్పిన తెల్లటి సీరం కథ మొదలయ్యేది అక్కడే. దాంతోపాటే హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవైపోయి నాళం గోడలోకి ఇంకా తేలిగ్గా దూరతాయి. కొవ్వులోంచి వచ్చే పీఏఐ-1 అనే ఇంకోటి గడ్డకట్టిన రక్తాన్ని కరగనివ్వదు. ఇన్ని పనులు పొట్ట చేస్తుంటే దాన్ని కొలవకుండా రక్తం ఒక్కటే కొలిచి పంపేస్తున్నాం.

సీఆర్పీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువ అడుగుతున్నది, ఎక్కువ భయపడుతున్నది దానికే. కోవిడ్ టైములో సీఆర్పీ, డీ-డైమర్ అనే మాటలు మా ఊళ్ళో మామ్మలకి కూడా నోటికొచ్చేశాయి, ఆ సీఆర్పీయే ఇది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట పట్టుకున్నారు. గుండె కోసం చేసే హెచ్ఎస్-సీఆర్పీ అంటే వేరే పదార్థమేం కాదు, అదే ప్రొటీన్ని బాగా తక్కువ మోతాదులో కూడా కొలవగలిగే పద్ధతి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉంటే రిస్కు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే మాత్రం గుండె లెక్కలోకి తీసుకోకూడదు, ఒంట్లో ఇంకేదో ఇన్ఫెక్షనో దెబ్బో ఉందని అర్థం, అది తగ్గాక కొన్ని వారాలాగి మళ్ళీ చేయించుకోవాలి. ఇప్పుడు మా దగ్గర జరిగేది చూడండి. చికున్‌గున్యా వచ్చి కీళ్ళు పట్టేసిన మనిషి, పన్ను వాచి చెంప ఉబ్బిన మనిషి, డిస్కౌంట్ ఈ రోజుతో అయిపోతుందని హార్ట్ ప్యాకేజీ చేయించుకుంటున్నారు. 28 వస్తుంది. రిపోర్టులో పక్కన ఎర్ర అక్షరాల్లో హై రిస్క్ అని ప్రింటవుతుంది, కంప్యూటరుకి పన్నునొప్పి సంగతి తెలీదు కదా. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్రుండదు.

అలాగని హెచ్ఎస్-సీఆర్పీ పనికిరాదని నేను అనను, అలా అంటే అన్యాయం. అమెరికాలో పాల్ రిడ్‌కర్ గారు జీవితమంతా దీని మీదే పనిచేశారు. 2024లో వాళ్ళు అచ్చేసిన స్టడీలో దాదాపు 28 వేలమంది ఆడవాళ్ళకి ఒక్కసారి రక్తం తీసి 30 ఏళ్ళపాటు గమనించారు, హెచ్ఎస్-సీఆర్పీ అందరికంటే ఎక్కువ ఉన్న అయిదో వంతు మందికి, తక్కువ ఉన్న అయిదో వంతుతో పోలిస్తే గుండెజబ్బు, స్ట్రోకు లాంటివి వచ్చే రిస్కు 70 శాతం ఎక్కువ తేలింది. ఎల్‌డీఎల్‌తో అదే తేడా 36 శాతమే. 2017లో కాంటోస్ అనే ట్రయల్లో పదివేల మందికి పైగా హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళకి కొలెస్ట్రాల్ ముట్టుకోకుండా వాపు ఒక్కటే తగ్గించే ఇంజెక్షన్ ఇస్తే మళ్ళీ ఎటాక్‌లు, స్ట్రోకులు, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, కాకపోతే ఆ మందుతో ప్రాణం తీసే ఇన్ఫెక్షన్లు పెరిగాయి కాబట్టి గుండెకి వాడకంలోకి రాలేదు. ఇవన్నీ చూశాక ఒంట్లో సన్నగా రగిలే వాపు గుండెకి చెరుపు చేస్తుందనడంలో నాకు అనుమానం లేదు.

కానీ "ఎంత ముదిరింది" అన్న ప్రశ్నకి జవాబు ఇందులో లేదండీ. మొన్న ఒక పెద్దాయన రిపోర్టు చేతిలో పెట్టుకుని "ఏమ్మా, బ్లాకులేమన్నా తగిలాయా ఇందులో?" అని అడిగారు. "బ్లాకులు రక్తంలో కనపడవు బాబాయ్ గారూ, యాంజియోగ్రామ్‌లో కనపడతాయి" అన్నా. "మరి గుండెజబ్బు టెస్టన్నారుగా" అని ఆయన. ఆయన తప్పేం లేదు, హెడ్డింగులు అలా ఉంటున్నాయి. హెచ్ఎస్-సీఆర్పీ 4 ఉన్న మనిషికి నాళాలు శుభ్రంగా ఉండొచ్చు, 0.8 ఉన్న మనిషికి మూడు నాళాలూ మూసుకుపోయి ఉండొచ్చు. ఇది రాబోయే ఏళ్ళలో రిస్కు ఎంతో చెప్పే నంబరు, ఏ నాళంలో ఎంత శాతం మూసుకుందో చెప్పే నంబరు కాదు.

ముదిరిన సంగతి చెప్పే రక్తపరీక్షలు వేరే ఉన్నాయి, అక్కడ లావుతో ఒక పెద్ద మెలిక ఉంది, దాని గురించి తెలుగులో ఎక్కడా చదివిన గుర్తు లేదు నాకు. గుండె కండరం చచ్చిపోతుంటే రక్తంలోకి వచ్చేది ట్రోపోనిన్, అది హార్ట్ ఎటాక్ టైములో చేసేది. గుండె పంపింగ్ కష్టమై గోడలు సాగుతుంటే వచ్చేది బీఎన్‌పీ, ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, ఆయాసంతో వచ్చినవాళ్ళకి హార్ట్ ఫెయిల్యూరా కాదా అని చూడటానికి డాక్టర్లు రాసేది. మామూలుగా జబ్బు ఎంత ఎక్కువైతే ఈ నంబరు అంత ఎక్కువ. కానీ లావుగా ఉన్నవాళ్ళలో ఇది ఉండాల్సిన దానికంటే తక్కువ వస్తుంది, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నా సరే. అంటే ఏ మనిషికి రిస్కు ఎక్కువో ఆ మనిషికే రిపోర్టు బాగున్నట్టు కనపడుతుంది! మెట్లెక్కితే ఆయాసం, రాత్రి రెండు దిండ్లు లేకపోతే పడుకోలేకపోవడం, సాయంత్రానికి కాళ్ళ వాపు, ఇవన్నీ ఉన్నా "లావు కదా, ఆయాసం మామూలే, బీఎన్‌పీ కూడా పెద్దగా లేదు" అని సరిపెట్టుకుంటే ప్రమాదం. తెలిసిన డాక్టర్లు లావుగా ఉన్నవాళ్ళకి ఆ కటాఫ్ తగ్గించి చూస్తారు, ఎకో (గుండె స్కానింగ్) తీయిస్తారు. అడిపోనెక్టిన్‌తో కూడా ఇలాంటి మెలికే, తగ్గడం చెడ్డదని పైన చెప్పా కదా, హార్ట్ ఫెయిల్యూర్ వచ్చేశాక మాత్రం అది ఎక్కువ ఉన్నవాళ్ళ పరిస్థితే బాగోదని తేలింది. అందుకని ఆ టెస్టులు రీసెర్చ్ వాళ్ళకి సరే, మన బజారు ప్యాకేజీలో పెట్టి అమ్మాల్సినవి కావు.

లైపోప్రొటీన్ (ఎ) అని ఎల్‌డీఎల్ లాంటి కొలెస్ట్రాల్ కణం ఇంకోటుంది, దాన్ని ఊబకాయం టెస్టు కింద కలిపేస్తున్నారు. దానికీ లావుకీ సంబంధం లేదు, అది అమ్మానాన్నల నుంచి వచ్చేది, సన్నబడినా తగ్గదు. ఇంట్లో చిన్న వయసులో హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళుంటే జీవితంలో ఒకసారి చూపించుకోవడం మంచిదే, ఏటా ప్యాకేజీలో చేయించుకోవాల్సిన పనైతే లేదు.

మన జిల్లా సంగతికొస్తా. 2006లో ఒక స్టడీ అచ్చైంది, ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో ఏడాదిలో చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఎలా పోయారో కనుక్కుని లెక్కేశారు. దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అప్పటికింకా ప్రతి ఇంట్లో బైకు లేదు, ఊరూరా ఫాస్ట్ ఫుడ్ బండి లేదు, కోతలకి మిషన్లు ఇప్పుడున్నంత లేవు. తర్వాత 2019-21లో కేంద్రం చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళు 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళు, దేశం మొత్తం మీద 24. అదీ బీఎంఐ 25 లెక్కన, మన 23 లెక్కన చూస్తే ఇంకెంత అవుతుందో చూసుకోండి. 52 దేశాల్లో ఇంటర్‌హార్ట్ అని స్టడీ చేసిన సలీం యూసుఫ్ గారు, కేరళలో పుట్టిన డాక్టరు, 2007లో తన టీమ్‌తో కలిసి చెప్పారు, మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి హార్ట్ ఎటాక్ సగటున 53 ఏళ్ళకే వస్తోంది, మిగతా వాళ్ళకంటే సుమారు ఆరేళ్ళు ముందు. హార్ట్ ఎటాక్‌తో ఎక్కువ ముడిపడి కనపడింది బీఎంఐ కంటే నడుం-తుంటి కొలతల నిష్పత్తే అని కూడా ఆ స్టడీలోనే తేలింది.

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. ఊళ్ళో ఆశా కార్యకర్త 30 ఏళ్ళు దాటినవాళ్ళకి నింపే సీబ్యాక్ ఫారం ఎప్పుడైనా చూశారా? వయసు, పొగాకు, మందు, వ్యాయామం, ఇంట్లో బీపీ షుగరు గుండెజబ్బులు, వీటితో పాటు నడుం చుట్టుకొలతకి కూడా ఒక గడి ఉంది. ఆడవాళ్ళకి 80 లోపా, 81 నుంచి 90 మధ్యా, 90 పైనా అని మార్కులేసి, మొత్తం నాలుగు దాటితే ముందుగా స్క్రీనింగ్‌కి పంపాలి. అంటే ఊళ్ళో టేపు పట్టుకుని తిరిగే ఆశమ్మ చేసే పని టౌన్లో వేలు వసూలు చేసే ఫుల్ బాడీ చెకప్‌లో లేదు! ఎత్తు, బరువు, బీపీ రాసి, 70 టెస్టులు, 80 టెస్టులు అని అట్ట మీద అచ్చేస్తారు, టేపు మాత్రం ఉండదు. నేను మా డాక్టరు గారిని అడిగి శాంపిల్ టేబుల్ పక్కన ఒక టేపు తగిలించా, ఒప్పుకున్నవాళ్ళకి కొలిచి రిపోర్టు పైన చేత్తో రాసిస్తున్నాం. మగవాళ్ళు చాలామంది "నాది 34 అండీ" అంటారు, అది ప్యాంటు సైజు. ప్యాంటు పొట్ట కిందకి కట్టుకుంటారు, కొలవాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, చొక్కా ఎత్తి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి బిగపట్టకుండా. 34 అన్న మనిషికి 39 వస్తే మొహం చూడాలి, హెచ్‌డీఎల్ 32 అని చెప్పినప్పుడు కూడా అంత ఉలిక్కిపడరు.

ఇంకో విషయం, మామూలు లిపిడ్ ప్రొఫైల్ చేతిలో ఉంటే అదనంగా రూపాయి ఖర్చు లేకుండా ఒక మంచి నంబరు దొరుకుతుంది. టోటల్ కొలెస్ట్రాల్లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి, మిగిలింది నాన్-హెచ్‌డీఎల్. నాళాల్లో పేరుకునే చెడ్డ కణాలన్నీ అందులోకి వస్తాయి, పొట్ట, ట్రైగ్లిజరైడ్స్ ఉన్నవాళ్ళకి ఎల్‌డీఎల్ కంటే ఇదే నిజం ఎక్కువ చెప్తుంది. డాక్టరు మీకు ఎల్‌డీఎల్ ఎంత ఉండాలన్నారో దానికి 30 కలిపితే మీ నాన్-హెచ్‌డీఎల్ టార్గెట్. "ఎల్‌డీఎల్ 98 ఏ కదా, నాకేం భయం" అని వెళ్ళిపోయే మనిషికి టోటల్ 210, హెచ్‌డీఎల్ 33 ఉంటే ఆయన నాన్-హెచ్‌డీఎల్ 177, అది అస్సలు బాగున్నట్టు కాదు.

బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక్క ముక్క. 2023లో సెలెక్ట్ అనే ట్రయల్లో గుండెజబ్బు ఉండి లావుగా ఉండి షుగరు లేని 17,604 మందిలో సెమాగ్లూటైడ్ అనే ఆ ఇంజెక్షన్ వాడినవాళ్ళకి ఎటాక్‌లు, స్ట్రోకులు, గుండె మరణాలు 20 శాతం తగ్గాయి, హెచ్ఎస్-సీఆర్పీ కూడా బాగా పడిపోయింది. మంచి మందే, కానీ అది వాళ్ళని చూసే డాక్టరు రాయాలి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పకుండా ముగించలేను. ఛాతీ పట్టేసినట్టుంది, ఎడం చెయ్యి లాగుతోంది, చెమటలు పడుతున్నాయి అని చెప్తూ మా కౌంటర్ దగ్గర నిలబడి లిపిడ్ ప్రొఫైల్ అడిగేవాళ్ళు ఉన్నారండీ. రిపోర్టు సాయంత్రానికి వస్తుందా అని అడుగుతారు. ఆ మనిషికి కావాల్సింది ల్యాబు కాదు, వెంటనే ఈసీజీ, ట్రోపోనిన్, 108. మేము కుర్చీలో కూర్చోబెట్టి ఆంబులెన్సు పిలిచాక కూడా "ముందు రక్తం తీసెయ్యమ్మా, ఎలాగూ పరగడుపున వచ్చా" అని పట్టుబట్టినవాళ్ళున్నారు.

కాబట్టి నా విన్నపం ఏంటంటే, ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు పక్కనే ఒక బాక్సు వేయండి. నడుం 90, 80 సెంటీమీటర్లు అని, ఎక్కడ కొలవాలో చిన్న బొమ్మ, నాన్-హెచ్‌డీఎల్ లెక్క, జ్వరంలో గానీ ఇన్ఫెక్షన్లో గానీ హెచ్ఎస్-సీఆర్పీ చేయించుకోవద్దని, ఛాతీనొప్పికి ల్యాబుకి రావద్దని. మీ దగ్గర రాసే డాక్టర్లకి చూపించి తప్పులుంటే దిద్ది మరీ వేయండి. ఏ రోజు వేస్తారో ముందు చెప్తే మా ఏజెంటుకి చెప్పి పది కాపీలు అదనంగా వేయించుకుంటాం.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా